పీత బొరియ దగ్గర పాఠం

2003 మే నెల. మేం భీమునివారిపాళెం రేవు చేరేసరికి పొద్దు నడినెత్తికి వస్తోంది. మా బడి పిలకాయలు ఇరవైముగ్గురు, నేను, ఇంకో మాస్టారు. వేసవి సెలవుల్లో పిల్లలకి పులికాట్ సరస్సు చూపించాలని నా ఆరాటం. ఫ్లెమింగోల గురించీ, ఉప్పునీరూ మంచినీరూ కలిసే చోటు గురించీ చెప్పాలని ముందురోజు రాత్రి కూచుని నాలుగు పేజీల నోట్సు రాసుకున్నాను. తీరా చూస్తే ఒక్క ఫ్లెమింగో లేదు. వచ్చే దారిలో సూళ్ళూరుపేట వైపు సరస్సు మైళ్ళకొద్దీ ఎండి, నెర్రెలిచ్చిన బురద మీద తెల్లగా ఉప్పు పేరుకుని ఉంది. "పక్షులు ఏవి టీచర్?" అని పిల్లలు అడుగుతుంటే నా దగ్గర జవాబు లేదు.

ఒడ్డున ఒక యానాది ఆమె రొయ్యల బుట్ట దించి నీళ్ళు తాగుతోంది. మమ్మల్ని చూసి నవ్వింది.

"పక్షులు చలికాలం గదా టీచరమ్మా వచ్చేది. ఎండల్లో ఏడుంటాయి? ఇప్పుడు చూడాల్సింది వేరే ఉండాది, రాండి" అంది.

ఒడ్డు బురదలో వరసగా బొరియలు. ఏ బొరియలో పీత ఉందో చెప్పమని పిల్లల్ని అడిగింది. ఎవరికీ తెలియదు, నాకూ తెలియదు. బొరియ మూతి దగ్గర మట్టి ఉండలు తడిగా ఉంటే లోపల పీత ఉన్నట్టు, ఎండి పొడిగా రాలిపోతుంటే వెళ్ళిపోయినట్టు. చెయ్యి ఏ వైపునించి పెట్టాలి, కొండెలకి దొరక్కుండా ఎలా పట్టాలి, గుడ్లున్న పీతని ఎందుకు వదిలెయ్యాలి... గంటసేపు చెప్పింది. నీళ్ళలో కూచుని తాటాకు బుట్ట పళ్ళమధ్య కరిచిపట్టుకుని, రెండు చేతులతో అడుగు తడుముతూ రొయ్యలు ఎలా ఏరాలో చేసి చూపించింది. నా నోట్సు సంచిలోనే ఉండిపోయింది.

ఆమె పక్కనే పదేళ్ళ కూతురు. "బడికి పోవా?" అని అడిగాను. పిల్ల మాట్లాడలేదు. "పొయ్యేది. యానాదిదని ఎనక్కి కూచోబెట్టినారు. మానేసింది" అని తల్లే చెప్పింది.

ఇన్నేళ్ళయినా ఆ రోజు నన్ను వదలలేదు. పిల్లలకి ప్రకృతిని బయటికి తీసికెళ్ళి చూపించాలని అందరం అంటాం. కానీ బయటికి ఎవరు వెళ్ళగలరు? అక్కడ పాఠం చెప్పేది ఎవరు? ఎవరి తెలివిని మనం చదువు అంటాం? నెల్లూరు తీరం చరిత్రలోకి ఈ ప్రశ్నలతోనే వెళ్ళి చూశాను.

*

బడిపిల్లల్ని తరగతి గదిలోంచి పొలాలకీ చెరువులకీ తీసుకెళ్ళడం ఒక ఉద్యమంగా నడిచింది అమెరికాలో, పందొమ్మిదో శతాబ్దం చివర్లో. 1890ల తొలినాళ్ళలో వ్యవసాయం దెబ్బతిని రైతు కుటుంబాలు పట్నాలకి తరలిపోతుంటే, పల్లె పిల్లలకి తమ నేల మీద ప్రేమ కలిగించాలని న్యూయార్క్ రాష్ట్రంలో ప్రకృతి పాఠాలు మొదలుపెట్టారు. ఆ పనిని భుజాన వేసుకున్నది కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన ఆనా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్. ఆమె 1911లో ప్రచురించిన ప్రకృతి పాఠాల పుస్తకం టీచర్ల కోసం రాసింది. అప్పటి ప్రాథమిక బడుల్లో టీచర్లు ఎక్కువమంది ఆడవాళ్ళే. సైన్సు ప్రయోగశాలల తలుపులు మూసుకుని ఉన్న కాలంలో ఆడవాళ్ళు పెరట్లోంచి, పొలం గట్టు మీంచి సైన్సులోకి వచ్చిన దారి అది. "అది అసలు సైన్సు కాదు, పిల్లల ఆట" అని తీసిపారేసినవాళ్ళూ ఉన్నారు. ఆడవాళ్ళు చేసిన పనికి ఈ మాట పడడం మనకి కొత్త కాదు కదా!

మన దగ్గర ఇరవయ్యో శతాబ్దం మొదట్లో మద్రాసు ప్రెసిడెన్సీ బడుల్లోకి ప్రకృతి పాఠం వచ్చింది. వచ్చిన కొన్నాళ్ళకే పుస్తకంలోకి ఎక్కి కూచుంది. ఆకు భాగాలు, పువ్వు భాగాలు, కప్ప బొమ్మ. కిటికీలోంచి వేపచెట్టు కనిపిస్తున్నా బోర్డు మీద ఆకు బొమ్మ గీసి కంఠతా పట్టించడం నా చిన్నతనందాకా సాగింది. 1901లో శాంతినికేతన్‌లో టాగూర్ చెట్లకింద బడి పెట్టడం, 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు బడులతో మొదలైన సైన్సు బోధన కార్యక్రమం పిల్లల్ని పొలాలవెంట తిప్పడం మన దేశంలో జరిగిన మంచి ప్రయత్నాలు. హోషంగాబాద్ కార్యక్రమాన్ని 2002లో ప్రభుత్వమే ఆపేసింది.

*

నెల్లూరు తీరంలో ఆడపిల్లల చదువు అనగానే ముందు గుర్తొచ్చేది పొణకా కనకమ్మ. 1892లో పుట్టింది. చిన్న వయసులోనే పెళ్ళయి సముద్రానికి దగ్గరగా ఉండే పొట్లపూడికి కాపురానికి వచ్చింది. బడి మెట్టు ఎక్కని మనిషి ఇంట్లోనే పుస్తకాలు పట్టుకుని చదువుకుంది, కవిత్వం రాసింది. పెన్న ఒడ్డున పల్లిపాడులో 1921లో గాంధీ ప్రారంభించిన ఆశ్రమానికి అండగా నిలిచింది. 1923లో నెల్లూరులో ఆడపిల్లల కోసం కస్తూరిదేవి విద్యాలయం పెట్టింది. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకి వెళ్ళింది.

ఆమె ప్రకృతి పాఠాలు చెప్పిందని నేననడం లేదు. నేను చూస్తున్నది ఇంకొకటి. 1930లో నెల్లూరు తీరాన మైపాడు లాంటిచోట్ల ఉప్పు వండడానికి జనం సముద్రం ఒడ్డుకి నడిచిపోయినప్పుడు, పరువుగల ఇళ్ళ ఆడవాళ్ళు అనిపించుకున్నవాళ్ళు కూడా ఇసకలో అడుగుపెట్టారు. అంతకుముందు సముద్రస్నానానికి, అదీ మగవాళ్ళ తోడుతో, పర్వదినాన మాత్రమే చూసిన ఒడ్డు అది. ఉప్పునీరు ఎండితే ఏం మిగులుతుందో ఆ తీరంలో ఉప్పు కొఠార్లలో పనిచేసే కూలి ఆడవాళ్ళకి తరతరాలుగా తెలుసు. గడప దాటని ఆడవాళ్ళకి అది రాజకీయంగా తెలిసింది. ఒకే ఒడ్డు, ఒకే ఉప్పు. కొందరికి కూలి, కొందరికి ఉద్యమం. ఈ తేడాని మన చరిత్రలు అంతగా పట్టించుకోలేదు.

*

ఇక యానాదుల సంగతి. పులికాట్‌కీ సముద్రానికీ మధ్య ఉన్న శ్రీహరికోట దీవిని 1835లో కంపెనీ ప్రభుత్వం తన చేతుల్లోకి తీసుకుంది. మద్రాసుకి వంటచెరుకు కావాలి, అడవి కావాలి. ఆ అడవిలో ఉన్నవాళ్ళు యానాదులు. తేనె, దుంపలు, మందు వేళ్ళు, పండ్లు సేకరించి తెచ్చేవాళ్ళు. 1873లో బాస్వెల్ రాసిన నెల్లూరు జిల్లా మాన్యువల్, 1901లో మద్రాసు మ్యూజియం వేసిన యానాదుల మీది పుస్తకం, 1909లో థర్‌స్టన్ సంపుటాలు - వీటన్నిటిలో యానాదులు కనిపిస్తారు. వాళ్ళకి మందుమొక్కలు బాగా తెలుసని రాసిన చేతులే వాళ్ళని అనాగరికులని కూడా రాశాయి.

ఆ తరవాత వాళ్ళలో కొందరిని నేరస్త జాతుల చట్టం కిందికి తెచ్చారు. అడవిలో తిరగడం, రాత్రిపూట చేపలవేటకి పోవడం అనుమానించదగ్గ పనులైపోయాయి. పిల్లల్ని వెంటబెట్టుకుని వాగువెంట నడిచే తల్లి పోలీసుకి జవాబు చెప్పాలి. అంటే వాళ్ళ పిల్లల బడి ఏదైతే ఉందో, దానిమీదే కాపలా పెట్టారన్నమాట. నెల్లూరుకి చెందిన వెన్నెలకంటి రాఘవయ్య ఆ చట్టానికి వ్యతిరేకంగా ఏళ్ళతరబడి పనిచేశాడు. 1952లో ఆ చట్టం పోయింది. 1962లో ఆయన యానాదుల మీద పుస్తకం తెచ్చాడు. చట్టం పోయినా మనసుల్లో రాత పోలేదు. పోయి ఉంటే ఆ పదేళ్ళ పిల్ల వెనక బెంచీలో కూచోవలసిన పని లేదు.

1969లో శ్రీహరికోటను రాకెట్ కేంద్రానికి ఎంచుకున్నారు. 1971 అక్టోబర్ 9న అక్కడినించి మొదటి చిన్న రాకెట్ ఎగిరింది. సూళ్ళూరుపేటనించి దీవికి సరస్సు మధ్యలోంచి రోడ్డు పడింది. నీటి రాకపోకలు తగ్గి ఉత్తరభాగం తొందరగా ఎండిపోవడానికి ఆ కట్ట కూడా ఒక కారణమని సరస్సుని పరిశీలించినవాళ్ళు చెప్తారు. దీవిలో ఊళ్ళు ఖాళీ అయ్యాయి. యానాదులకి అడవి పోయింది. దేశం అంతా గర్వపడే చోటే, నేనూ గర్వపడతాను. కానీ రాకెట్ చూడ్డానికి నా విద్యార్థుల్ని తీసికెళ్ళినప్పుడు ఆ అడవిలో వేళ్ళు తవ్వుకున్న ఆడవాళ్ళ గురించి ఒక్కమాటైనా చెప్పాలని నాకు చాలాకాలం తోచలేదు.

*

దొరవారిసత్రం దగ్గర నేలపట్టు చెరువు కథ వేరు. అక్కడ నీళ్ళలో నిలబడి పెరిగే కడప చెట్లమీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని కొట్టరు. పక్షుల రెట్టలు కలిసిన చెరువునీరు పైరుకి బలమని రైతులకి ముందునించీ తెలుసు. 1976లో ప్రభుత్వం దాన్ని సంరక్షణ కేంద్రంగా ప్రకటించకముందే ఊరు కాపలా కాసింది. 2001లో మొదలైన ఫ్లెమింగో పండగతో బస్సుల్లో బడిపిల్లలు రావడం ఎక్కువైంది. అదే కాలంలో దేశమంతటా బడుల్లో పర్యావరణ బృందాలు పెట్టారు. పర్యావరణం చదువులో తప్పనిసరి కావాలని సుప్రీంకోర్టు 1991లోనే చెప్పింది, 2003లో మళ్ళీ గట్టిగా చెప్పింది.

అయితే తీరంలో పిల్లలు పర్యావరణాన్ని కోర్టు చెప్పాక నేర్చుకోలేదు. 1990ల మొదట్లో నెల్లూరు తీరం పొడుగునా రొయ్యల చెరువులు తవ్వారు. ఊరిబావులు ఉప్పగా మారాయి. ఒడ్డుకి పోయే కాలిబాటలకి చెరువుగట్లు అడ్డం వచ్చాయి. బిందె పట్టుకుని ఇంకా దూరం నడవవలసి వచ్చింది ఎవరు? ఆడవాళ్ళు, వాళ్ళవెంట ఆడపిల్లలు. 1996 డిసెంబర్‌లో తీరానికి దగ్గరగా ఉన్న రొయ్యల చెరువులు తీసెయ్యాలని సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కానీ తరవాత చట్టాలు మారాయి, చెరువులు ఉండిపోయాయి. ఉప్పునీరు భూగర్భంలోకి ఎలా దిగుతుందో నేను బోర్డుమీద గీసి చెప్తుంటే, "మా బాయి అట్లనే అయింది టీచర్" అని ఒక పిల్ల లేచి చెప్పింది. అంతకుమించిన ఉదాహరణ నాకు దొరకలేదు.

ఇదే జిల్లాలో 1991లో అక్షరదీపం కింద పెద్దవాళ్ళ రాత్రిబడులు నడిచాయి. కూలికిపోయి వచ్చిన ఆడవాళ్ళు వీధిదీపం కింద, అరుగుమీద కూచుని చదివారు. తమ బతుకు తమకే పాఠంగా కనిపించాక దూబగుంటనించి సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబర్‌నించి రాష్ట్రంలో సారా ఆగింది. చదువు మన బతుకులోంచి మొదలైతే ఎంతదూరం పోతుందో ప్రపంచానికి చూపించిన జిల్లా ఇది. తల్లులకి అలా చెప్పగలిగిన చదువుని పిల్లలకి ఎందుకు చెప్పలేకపోతున్నాం?

*

మళ్ళీ నా 2003 వేసవికి వస్తాను. ఆ ఇరవైముగ్గురిలో ఆడపిల్లలు ఆరుగురే. తరగతిలో పందొమ్మిదిమంది ఉన్నారు. ఇల్లిల్లూ తిరిగి అడిగాను. "పెద్దమనిషయింది టీచరమ్మా, నీళ్ళ దగ్గరికి ఎట్ట పంపేది?", "ఎండకి నల్లబడితే రేపు ఎవరు చేసుకుంటారు?", "నీళ్ళు పట్టేదెవరు, తమ్ముణ్ణి చూసేదెవరు?" అన్నారు. పై అధికారి ఒకరు ఆడపిల్లలకి ఏమైనా అయితే బాధ్యత నాదేనని విడిగా కాగితం రాయించుకుని సంతకం పెట్టించారు. మగపిల్లలకి ఆ కాగితం అక్కర్లేకపోయింది.

వచ్చిన ఆరుగురూ ఒడ్డుమీదే నిలబడ్డారు. మగపిల్లలు చొక్కాలు విప్పి నీళ్ళలో దూకారు. "మీరూ దిగండి" అంటే లంగాలు పట్టుకుని చీలమండలదాకా దిగారు. వాళ్ళలో నలుగురు బెస్తవాళ్ళ పిల్లలు. సముద్రానికి కూతవేటు దూరంలో పుట్టారు, ఒక్కరికీ ఈత రాదు. వాళ్ళ అన్నదమ్ములందరికీ వచ్చు. ఆ పూట నాకు అది వింతగా అనిపించలేదు. "ఆడపిల్లలు కదా" అనుకున్నాను. నేనూ ఈత రాని ఆడదాన్నే.

2004 డిసెంబర్ 26న సునామీ వచ్చింది. మన రాష్ట్రంలో వందమందికి పైగా పోయారు. నెల్లూరు తీరంలోనూ పల్లెలు పడవల్నీ వలల్నీ మనుషుల్నీ పోగొట్టుకున్నాయి. 2005 మార్చిలో ఆక్స్‌ఫామ్ సంస్థ ఒక నివేదిక ఇచ్చింది. మన పొరుగున తమిళనాడులోని కడలూరు జిల్లాలో చనిపోయినవాళ్ళలో ఆడవాళ్ళు 391 మంది, మగవాళ్ళు 146 మంది. ఇండోనేషియా, శ్రీలంకల్లోనూ ఆడవాళ్ళే ఎక్కువ. కారణాలు రాశారు. మగవాళ్ళు చాలామంది వేటకి లోతునీళ్ళలోకి పోయి ఉన్నారు. ఆడవాళ్ళు చేపలకోసం ఒడ్డున ఎదురుచూస్తున్నారు, లేదా పిల్లలతో ఇంట్లో ఉన్నారు. మగవాళ్ళతో పోలిస్తే ఈత వచ్చినవాళ్ళు, చెట్టెక్కడం వచ్చినవాళ్ళు తక్కువ.

ఆ అంకెలు చదువుతుంటే నా కళ్ళముందు ఆ ఆరుగురే కనిపించారు, లంగాలు పట్టుకుని చీలమండలదాకా దిగినవాళ్ళు. వాళ్ళకి ఏమీ కాలేదు. కానీ ఆ రోజు నేను వాళ్ళకి నేర్పనిది ఏమిటో అప్పుడు తెలిసింది. ప్రకృతిని ప్రేమించమని చెప్తాం. ప్రేమించాలంటే అందులోకి దిగాలి. దిగే హక్కు లేని పిల్లకి ఫ్లెమింగో పేరు నేర్పి ఏం లాభం?

సునామీ తరవాతి వేసవిలో మళ్ళీ ఇల్లిల్లూ తిరిగాను. ఈసారి తల్లులే అడిగారు, "ఈత నేర్పిస్తావా టీచరమ్మా?" అని. ఊళ్ళో ఒక పెద్దావిడ, చిన్నతనంలో కాలవలో ఈదిన మనిషి, నడుముకి తాడు కట్టి చెరువులో పిల్లలకి నేర్పింది. పదకొండుమంది ఆడపిల్లలు, వాళ్ళతోపాటు నేనూ. నలభైమూడేళ్ళ వయసులో మొదటిసారి నీళ్ళమీద తేలినప్పుడు నాకు ఏడుపొచ్చింది.

*

ఇప్పుడు నేను రిటైరయ్యాను. 2022లో జిల్లాలు విడదీశాక సూళ్ళూరుపేట, తడ, నేలపట్టు తిరుపతి జిల్లాలోకి పోయాయి. సరస్సుకి ఆ సంగతి తెలియదు. పట్నాల్లో వేసవి శిబిరాలు వెలిశాయి, డబ్బున్న ఇళ్ళ పిల్లల్ని ఏసీ బస్సుల్లో తీసుకొచ్చి మధ్యాహ్నానికి తిరిగి తీసుకుపోతాయి. పిల్లలు రావడం మంచిదే, కాదనను. చలికాలం రద్దీలో దూరదర్శినిలోంచి పక్షిని చూసి పోవడం ఒక్కటే ప్రకృతి పాఠం కాదని మాత్రం అంటాను.

వేసవి చూపించేవి వేసవికి ఉన్నాయి. ఎండిన సరస్సు అడుగున ఏముందో అప్పుడే కనిపిస్తుంది. జనవరినించి ఈ తీరానికొచ్చి ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు పెట్టిన గుడ్లు నెలన్నర, రెండు నెలలకి పొదిగి, ఎండలు ముదిరేలోపు పిల్లలు సముద్రంలోకి పాకుతాయి. సరుగుడు తోటల్లో, ఉప్పు మడుల దగ్గర, తాటితోపుల్లో మనుషులు పనిచేస్తుంటారు. ఒకే చోటికి జనవరిలో ఒకసారి, మేలో ఒకసారి తీసికెళ్తే నీరు ఏం చేస్తుందో పిల్లలకి పుస్తకం లేకుండా అర్థమవుతుంది. అక్కడి ఆడవాళ్ళ చేత పాఠం చెప్పించి, మాస్టారికిచ్చినట్టే వాళ్ళకీ డబ్బివ్వాలి. వాళ్ళ పిల్లలు ముందు బెంచీలో కూచోవాలి. ఆడపిల్లలు నీళ్ళలోకి దిగాలి.

ఈమధ్య పాత కాగితాలు సర్దుతుంటే 2003 నాటి విహారయాత్ర నివేదిక నకలు దొరికింది. తేదీ, స్థలం, విద్యార్థుల సంఖ్య, నేర్చుకున్న అంశాలు. ఆ గడిలో "పీతల జీవనవిధానం, రొయ్యల సేకరణ పద్ధతి" అని నా చేతిరాత. దానికింద "బోధించినవారు" అన్నచోట నా పేరు రాసుకుని సంతకం పెట్టాను.

ఆమె పేరు నేను అడగనేలేదు.